మూడో పిలుపు

ఆమధ్య ఒక వారంపాటు నా టేబులు సొరుగులో ఒక ఆడపిల్ల ఉండేది.

కంగారు పడకండి, పోలీసులకు చెప్పాల్సినంత పని లేదు. ఆ పిల్లకు కాళ్ళూ చేతులూ లేవు, ఒట్టి గొంతు. అరచేతిలో పట్టే ఫోనులో కాపురం. నేను పెళ్ళివాళ్ళతో బస్సు బాడుగ బేరమాడుతుంటేనో, బొరుగుల ఉగ్గాని కింద దాక్కున్న మిరపకాయ బజ్జీని వెతుకుతుంటేనో, సరిగ్గా అప్పుడే సొరుగులోంచి పలికేది: "మీ ట్రిప్ ఇంకా ముగియలేదు. ముగించడానికి ఆకుపచ్చ బొత్తం నొక్కండి."

మొదటిసారి ఆ మాట వినబడిన రోజు ఎదురుగా బనగానపల్లె పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. మనవరాలి ఓణీల ఫంక్షనుకు బస్సు మాట్లాడడానికి వచ్చారు. ఆ గొంతు విని కుర్చీలోంచి ఎంత ఎత్తు ఎగిరారంటే, ఆయన తిరిగి కిందికి దిగేలోపల నేను మామూలు బస్సు అడిగిన మనిషికి ఏసీ బస్సు అంటగట్టేశాను.

"ఎవురప్పా ఆ పాప?" అన్నారు గుండె పట్టుకుని.

"మా డ్రైవరు ఫోను పెద్దాయనా."

"డ్రైవరు యాడుండాడు మరి?"

ఏం చెప్పను? ఆళ్ళగడ్డలో, చర్చి వెనక, కొత్త మట్టి కింద ఉన్నాడు. నేను కూడా ఒక పిడికెడు మట్టి వేసి వచ్చాను. కానీ నా ముందున్న కంప్యూటరు ఆ సంగతి ఒప్పుకోదు. మా ట్రావెల్స్ బస్సులన్నీ తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. పని లేని బస్సు బూడిదరంగు చుక్క. పనిలో ఉన్న బస్సు ఆకుపచ్చ చుక్క. ఆళ్ళగడ్డ దగ్గర ఒక చుక్క రేయింబవళ్ళు పచ్చగా మినుకుమంటూ ఉండేది. దాని పక్కన అతని పేరు, పేరు పక్కన రెండు ముక్కలు: ట్రిప్పులో ఉన్నారు.

ఈ ట్రిప్పుల సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. మేం నంద్యాలలో పెళ్ళిళ్ళకూ యాత్రలకూ బస్సులు బాడుగకు తిప్పుతాం. నేను మేనేజర్ని. పూర్వం డ్రైవర్లు ట్రిప్పు వివరాలు కాగితం మీద రాసేవాళ్ళు. రాసేవాళ్ళంటే, వారానికి సరిపడా ఒకేసారి కూర్చుని కల్పించేవాళ్ళు. మా డ్రైవర్లు రాసిన ట్రిప్పు షీట్లు చదివితే ఏ ప్రబంధమూ కంటికి ఆనదు. ఒకే పొద్దున నంద్యాలలోనూ తిరుపతిలోనూ దర్శనమిచ్చిన మహానుభావులు మా దగ్గర ఉండేవాళ్ళు. ఆ తర్వాత బాడుగ బస్సుల లెక్కలన్నీ ఫోనులోనే ఉండాలని నియమం వచ్చింది. బండి కదిలేముందు డ్రైవరు ట్రిప్పు తెరవాలి. ఎంతమంది ఎక్కారో కొట్టాలి. అందరూ దిగాక ఆకుపచ్చ బొత్తం నొక్కి మూయాలి. నొక్కేదాకా బండీ డ్యూటీలో ఉన్నట్టే, డ్రైవరూ డ్యూటీలో ఉన్నట్టే. డ్రైవరు మూయకుండా వదిలేస్తే మేనేజరు మూయాలి. దానికి రెండు దారులు. ఫోను తీసుకుని బస్సు దగ్గరికి పోయి, ఇప్పటి టైముతో మూయవచ్చు. లేదా ఆఫీసులో కూర్చునే జనం దిగిన టైము వేసి, అప్పుడే అయిపోయిందని మూసేయవచ్చు.

చూడ్డానికి చిన్న బొత్తం. దాని మీద ఆ పోయిన డ్రైవరు ఇల్లాలి బతుకు కూర్చుని ఉంది. బీమా వాళ్ళు అడిగింది ఒకే ప్రశ్న. పోయినప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నాడా, డ్యూటీ దిగిపోయాడా? డ్యూటీలో అయితే ఆమెకు ఆసరా ఉంటుంది. దిగిపోయాక అయితే మా ట్రావెల్స్ తరఫున వేసిన పూలదండే ఆఖరు.

మా ఓనరుకు వేరే బెంగ.

"ఏమప్పా, ఆ బస్సు ఇంకా తిరుగుతానే ఉండాదా?" అన్నాడు ఆఫీసులోకి వస్తూనే.

"యాడ తిరుగుతాదన్నా? ఆళ్ళగడ్డలో నిలబడుకోని ఉండాది."

"కంప్యూటర్లో?"

"కంప్యూటర్లో తిరుగుతాంది."

"జనాలు దిగినారు గదా ఆ పొద్దు, ఆ టైమేసి మూసెయ్. ఒక మనిషి వారం దినాలు పండుకోకుండా బస్సు తోలినాడంటే నా పర్మిట్ ఉంచుతారా?"

"అట్ల మూస్తే ఆయప్ప డ్యూటీ దిగినాక పోయినట్లయితాదన్నా. ఇంటామెకు ఏమీ రాదు."

ఓనరు చెడ్డవాడు కాదు. బెదిరిన మనిషి. కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, "నువ్వు నన్ను సంపుతాండావప్పా" అన్నాడు. సరిగ్గా అప్పుడు సొరుగులోంచి పాప పలికింది. ఓనరు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

పాప అని పేరు పెట్టింది ఆ పోయిన డ్రైవరే.

ఈ ఫోన్ల పద్ధతి వచ్చిన కొత్తలో డ్రైవర్లందరినీ ఒక ఫంక్షను హాల్లో కూర్చోబెట్టి, ఫోన్ల కంపెనీ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన పాఠం చెప్పాడు. మా డ్రైవర్లలో సగం మంది నిద్రపోయారు, మిగతా సగం భోజనంలో మాంసం ఉందా లేదా అని వాసన పట్టే పనిలో ఉన్నారు. అతను మాత్రం మొదటి వరసలో బండరాయిలా కూర్చుని విన్నాడు. బండరాయి అని ఊరికే అనలేదు. ఆ మనిషి భుజాలు బస్సు తలుపులో పట్టేవి కావు, పక్కకు తిరిగి ఎక్కేవాడు. బొటనవేలు లేత వంకాయంత. ఆ వేలితో ఫోనులో ఒక అంకె నొక్కితే చుట్టుపక్కల నాలుగు అంకెలు తోడు వచ్చేవి. ఒకసారి యాభై మంది పెళ్ళివాళ్ళను ఎక్కించి, ఫోనులో నంద్యాల జనాభాలో సగాన్ని ఎక్కించాడు.

పాఠమంతా విని చివర్న చెయ్యెత్తాడు.

"సార్, ఈ మాట్లాడే పాప యాడుంటాది?"

"పాప లేదండీ. అది మిషను."

"మిషనుకు గొంతు ఎట్లొస్తాది సార్? యాడో ఒకతాన కూచోనుంటాది గదా?"

పెద్దమనిషి వివరంగా చెప్పాడు. అతను వివరంగా విన్నాడు. విని, బయటికొచ్చి నాతో అన్నాడు: "పాపం మేనేజరప్పా, యాడుంటాదో చెప్పకూడదని గెట్టిగా చెప్పింటారు."

ఆ రోజునుంచీ చనిపోయే రోజుదాకా అతను నమ్మింది ఒక్కటే. హైదరాబాదులోనో ఇంకెక్కడో ఒక గదిలో ఒక ఆడపిల్ల చెవికి తీగ తగిలించుకుని, తాను బొత్తం నొక్కేదాకా ఇంటికి పోకుండా కాచుకుని ఉంది. అందుకని ఫోను ముట్టుకునే ముందు వేలు చొక్కాకు తుడుచుకునేవాడు. ట్రిప్పు తెరుస్తూ "అన్నం తిన్న్యావా పాపా?" అని అడిగేవాడు. ట్రిప్పు ముగించడం ఆలస్యమై ఆమె గుర్తు చేస్తే, "రోంత ఓర్చుకో పాపా, ఇంగ అయిపాయె" అని బతిమాలేవాడు. తోటి డ్రైవర్లు ఏడిపించేవాళ్ళు.

"ఏమప్పా, నీ పాపకు సంబందాలు చూస్తాండావా లేదా?"

"చూస్తాండా. నీయట్లాటోడికి మాత్రం ఇయ్యను."

అబద్ధాలు చెప్పడంలో నంద్యాల జిల్లాలో నాకు పోటీ రాగలిగిన మనిషి అతనొక్కడే. నేను టైరు పంచరైందని చెప్పాల్సి వస్తే నాలుగు టైర్లూ పేలాయని, ఆ చప్పుడుకు నల్లమలలో పులులు సంసారాలు ఎత్తేశాయని చెబుతాను. అతను నన్ను మించినవాడు. కొలిమిగుండ్ల దగ్గర గేరు పట్టేస్తే పెళ్ళి బస్సును నంద్యాల దాకా రివర్సులోనే తోలుకుని వచ్చానని, పెళ్ళివాళ్ళు ముందర సీటు కోసం కొట్లాడుకుని చివరి వరసలో కూర్చున్నారని చెప్పాడు. ఆదివారం పొద్దున ఆళ్ళగడ్డ చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాడు. మిగతా రోజులు అహోబిలానికి యాత్రికుల్ని తోలేవాడు. తొమ్మిది నరసింహుల్లో ఏ నరసింహుడు ఏ కోరిక తీరుస్తాడో బస్సులో మైకు పెట్టి తానే పంచేవాడు. "మోకాళ్ళ నొప్పులకు పైనున్న సామి, కోర్టు కేసులకు కిందున్న సామి" అంటూ. ఒకామె నమ్మి, మోకాళ్ళ నొప్పులు తగ్గాలని కొండంతా ఎక్కింది. దిగివచ్చి నొప్పి రెట్టింపైందంటే, "పాతది పోయిందమ్మా, ఇది కొత్తది" అన్నాడు.

అంత వాగుడు మనిషి, ఒక్క చోట మాత్రం వేరే మనిషయ్యేవాడు.

ట్రిప్పు అయిపోతుంది. జనం దిగిపోతారు. మూటలూ ముల్లెలూ దిగిపోతాయి. అప్పుడతను ఇంజను ఆపి, భుజం మీది తువ్వాలుతో స్టీరింగు తుడిచి, లేచి, బస్సులో వెనక్కి నడుస్తాడు. ముందర సీట్ల దగ్గర నిలబడి ఒక కేక వేస్తాడు.

"ఎవురన్నా ఉండారా?"

ఆగుతాడు. తల ఒక పక్కకు వంచి, బావిలో రాయి వేసి చప్పుడు కోసం చూసేవాడిలా వింటాడు. బస్సు మధ్యలో రెండో కేక. మళ్ళీ ఆగుతాడు. చివరి సీటు దగ్గర మూడో కేక. మూడోసారి ఆగితే ఎంతసేపు ఆగుతాడంటే, అతను కేక వేసినప్పుడు పిందెగా ఉన్న బనగానపల్లె మామిడి, అతను కదిలేసరికి పండి రాలుతుంది. జవాబు రాదు. అప్పుడే, "పాపా, అయిపాయె" అని బొత్తం నొక్కుతాడు.

బస్సు అంతా కళ్ళకు కనబడుతూనే ఉంటుంది. ఖాళీ సీట్లు. పిలవడం ఎందుకు? అడిగితే ఒక్కో రోజు ఒక్కో కారణం. ఒకసారి జాతర బస్సులో మేకపోతు మిగిలిపోయిందన్నాడు. అది రాత్రికి రాత్రి సీట్ల కవర్లన్నీ తిని, తెల్లారి తలుపు తీస్తే టికెట్టు అడిగినట్టు చూసిందట. ఇంకోసారి బందోబస్తు డ్యూటీకి పోయిన పోలీసాయన నిద్రపోయి మిగిలిపోయాడన్నాడు. వాళ్ళ స్టేషన్లో ఆయన కోసం వెతుకులాట మొదలైందట, వెతికేవాళ్ళు కూడా ఈ బస్సులోనే తిరిగారట. నేను నవ్వి, ఆ కథలకు నా వంతు తోకలు తగిలించి పదిమందికి చెప్పుకునేవాణ్ణి.

మా మేనకోడలి పెళ్ళికి నంద్యాల నుంచి బనగానపల్లెకు అతని బస్సులోనే పోయాం. మధ్యాహ్నానికి చేరాం. జనమంతా దిగి మేళాల వెంబడి కల్యాణ మండపంలోకి పోయారు. నేను మిఠాయి డబ్బా సీటులో మరిచిపోయి వెనక్కి వచ్చాను. మెట్టు మీద కాలు పెట్టేసరికి అతను చివరి సీటు దగ్గర మూడో కేక వేస్తున్నాడు.

"ఎవురన్నా ఉండారా?"

"ఊఁ" అంది చివరి సీటు.

మా బావ. పట్టుపంచెలో, ముగ్గురు కూర్చునే సీటులో మడత మంచంలా ముడుచుకుని, ఇంకా మిగిలిన ఏసీ చల్లదనానికి కమ్మగా నిద్రపోతున్నాడు. పిల్ల తండ్రి లేకుండా అక్కడ పెళ్ళి నడుస్తోంది. నాకు నవ్వు ఆగలేదు. కానీ అతను నవ్వలేదు. రెండు చేతులతో పక్క సీటు పట్టుకున్నాడు. ముఖంలో రక్తం లేదు. ఏళ్ళ తరబడి ఏ జవాబు కోసం పిలుస్తున్నాడో, ఏ జవాబు వస్తుందేమోనని భయపడుతున్నాడో, అది వచ్చేసినట్టుంది ఆ ముఖం.

బావ కళ్ళు నులుముకుంటూ లేచి, "తాళి కట్టేసినారా?" అన్నాడు. అతను చివరి సీటు వదిలి ముందరికి నడిచాడు. వచ్చి బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఏందప్పా ఇది? మా బావే గదా. దయ్యమేం కాదు. దయ్యమైతే ఇంత లావుండదు."

మండపం వైపు చూస్తూ చెప్పాడు.

"దొర్నిపాడు దిక్కు ముసలామె. యాత్రకు తోడ్కపోతి. అందరూ దిగినారనుకోని తాళమేసి ఇంటికి పోతి. తెల్లారి తీస్తే కూచోనుండాది."

"యాడ?"

"ఆఖరు సీట్లో. ఎందుకు అరవలేదవ్వా అంటి. నువ్వు ఎక్కమంటే ఎక్కితి నాయనా, దిగమన్లేదు గదా, పిలుస్తావని కూచున్న్యా అనె."

"తర్వాత?"

"తర్వాతేముండాది? దింపితి. పాయె."

"కోప్పడిందా?"

"కోప్పడింటే బాగుండు."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక కూడా తువ్వాలు ముఖం మీదే ఉంచుకున్నాడు.

"ఆ యాడాదే సచ్చిపోయిందంట. ఎవురో చెప్పిరి. ఆడికి పోయి కూడా అట్లే కూచోనుంటాదేమో మేనేజరప్పా. ఎవురన్నా పిలిచేదాకా."

మేకపోతు కథలో ఎన్ని సీటు కవర్లున్నాయో, పోలీసు కథలో ఎన్ని జీపులున్నాయో నేను లెక్క చెప్పగలను. ఈ కథలో ఏమీ లేదు. ఒక ముసలామె, ఒక సీటు, ఒక రాత్రి. పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. అదే రోగం ఉన్న మనిషి ఒక సంగతిని పెంచకుండా చెప్పాడంటే అది ఎంత నిజమో నాకు తెలుస్తుంది. ఆ కథకు నేను తోక తగిలించలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు కూడా.

అతను లేచాడు. బావ దిగేదాకా ఆగి, మళ్ళీ ముందర సీట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. మొదటి కేక, రెండో కేక, మూడో కేక. మేళాల చప్పుడులో కూడా నాకు ఆ మూడూ వినబడ్డాయి.

చనిపోయిన రోజు అహోబిలం యాత్ర. మధ్యాహ్నం ఎండలో యాత్రికుల్ని ఆళ్ళగడ్డలో దింపాడు. బస్సు ఎప్పుడూ ఆపే చోటే ఆపాడు, తన ఇంటికి నాలుగిళ్ళ ఇవతల, మస్తానన్న టీ అంగడి ముందర. గుండె ఆగింది. మస్తానన్న చూసేసరికి చివరి సీటుకు ఆనుకుని, నడిచే దారిలో కూర్చుని ఉన్నాడట. కబురు అంతే. మట్టి వేసి వచ్చేటప్పుడు వాళ్ళింటివాళ్ళు అతని ఫోను నా చేతికిచ్చారు.

ఫోనులో చార్జింగు అయిపోనిస్తే పాప నోరు మూతపడేది. కంప్యూటర్లో చుక్క మాత్రం అట్లే మినుకుమంటుంది, అది వేరే సంగతి. కానీ నేను ప్రతి పొద్దున దానికి చార్జింగు పెట్టాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఒక సాయంత్రం ఆఫీసు షట్టరు దించుతూ, లోపలికి తల పెట్టి "ఎవురన్నా ఉండారా?" అన్నాను. అనమని ఎవరూ చెప్పలేదు, నా నోరే అనేసింది. ఆ చీకటి గదిలోంచి, "మీ ట్రిప్ ఇంకా ముగియలేదు" అని జవాబు వచ్చింది.

మరునాడు ఓనర్ని బతిమాలి కార్లో ఎక్కించుకున్నాను. మూసేముందు ఒకసారి బస్సు చూసొద్దామన్నాను. దారి పొడుగునా ఎడమవైపు నల్లమల మా వెంట నడిచింది. ఓనరు శిరివెళ్ళ దాకా పర్మిట్ గురించి మాట్లాడాడు. శిరివెళ్ళ దాటాక అతని గురించి మాట్లాడాడు. ఓనరు వాళ్ళ నాయన ఆఖరి యాత్ర చేయించింది కూడా అతనేనట. ఆళ్ళగడ్డలో దిగి నడుస్తుంటే నా చొక్కా జేబులోంచి పాప పలికింది: "మీరు వాహనం దగ్గరలో ఉన్నారు." ఓనరు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత బస్సు దాకా వదల్లేదు.

మస్తానన్న బెంచీ మీద కూర్చోబెట్టాడు. మేం అడక్కుండానే చెప్పాడు. వారం రోజులుగా ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నట్టుంది.

"ఆయప్ప కేకలే నాకు గడియారం సామీ. ఒకటో కేకకు గిన్నె కడుగుతా. రెండోదానికి పాలు పోస్తా. మూడోదానికి పొయ్యి మీద పెడ్తా. ఆయప్ప దిగొచ్చేదీ టీ పొంగేదీ ఒకటే అయితాది."

"ఆ పొద్దు?" అన్నాడు ఓనరు.

"ఆ పొద్దు రెండు కేకలు ఇన్న్యా. మూడోది రాలె."

"సరిగ్గ చెప్పన్నా. రెండే ఇన్న్యావా? అంగట్లో జనాలుంటారు, నీకు ఇనబడకుండా పోయిందేమో."

"మూడోది ఇనింటే పాలు పొయ్యి మీద ఉండాల గదా సామీ? పాలు నా చేతిలోనే ఉండె. ఎవురో నిద్రపోయింటారు, లేపుతాండాడులే అనుకుంటి. గిన్నె పట్టుకోని అట్లే నిలబడితి. ఎంతసేపటికీ రాకపాయె. ఆ గిన్నెతోనే బస్సెక్కితి."

ఓనరు బస్సు వైపు చూస్తూ కూర్చున్నాడు. మా ట్రావెల్స్ లో బస్సెక్కిన ప్రతి మనిషికీ తెలుసు, అతను మూడో పిలుపు పిలవకుండా ఏ ట్రిప్పూ ముగించలేదని.

"అయితే దిగలేదప్పా ఆయన" అన్నాడు ఓనరు చివరికి. "ఇప్పటి టైమేసే మూసెయ్. జరిగింది జరిగినట్ల రాయి. నోటీసొస్తే రానీ."

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నోటీసు వచ్చింది. ఓనరు పోయి, చేతులు కట్టుకుని నిలబడి, జరిగింది చెప్పి వచ్చాడు. పర్మిట్ నిలబడింది. బీమా వాళ్ళు తిప్పించుకున్నారు, మస్తానన్నను పిలిపించి మాట్లాడారు, పాల గిన్నె సంగతి వచ్చిన ప్రతివాడూ మళ్ళీ అడిగాడు. చివరికి అతని ఇల్లాలికి రావలసింది వచ్చింది.

ఆ రోజుకు వస్తాను.

బస్సు తాళాలు వాళ్ళింట్లో మేకుకు తగిలించి ఉన్నాయట. కబురు పెడితే అతని ఇల్లాలే తీసుకుని వచ్చింది. సన్నటి మనిషి, తెల్ల చీర. తాళం ఆమే తీసింది. పైకి ఎక్కలేదు. కింది మెట్టు దగ్గర నిలబడింది.

నేను డ్రైవరు సీటు దగ్గర నిలబడి ఫోను తీశాను. జరిగింది రెండు ముక్కల్లో కొట్టాను. ఆకుపచ్చ బొత్తం వచ్చింది. నొక్కితే పాప ఇంకో ప్రశ్న వేసింది.

"ప్రయాణికులందరూ దిగారా?"

అవును, కాదు. రెండు బొత్తాలు. ప్రతి ట్రిప్పుకూ అడుగుతుంది. నేను ఆఫీసులో కూర్చుని చూడకుండా అవును కొట్టిన రోజులు ఎన్నో. ఆ రోజు వేలు పోలేదు.

వెనక్కి నడిచాను. స్టీరింగు మీద తువ్వాలు అట్లే ఉంది. ముందర సీట్ల దగ్గర ఆగలేదు. మధ్యలో ఆగలేదు. ఆ రెండూ అతను పిలిచేశాడు. చివరి సీటు దగ్గర నిలబడ్డాను.

పిలిచాను.

"ఎవురన్నా ఉండారా?"

బయట పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడైంది.

ఆగాను. అతను ఆగినట్టే తల వంచి విన్నాను. సీట్లలో ఎవరూ లేరు. అది కళ్ళకు కనబడుతూనే ఉంది. ఎవరినీ ఎవరూ పిలవని చోట ఒక మనిషి కూర్చునే ఉంటాడేమోనన్నది అతని భయం. ఇప్పుడు అది నాది. అతనే అట్లా కూర్చుని ఉంటే? ఎంతసేపు ఆగితే చాలో నాకు తెలియలేదు.

కింది మెట్టు దగ్గర్నుంచి ఆమె గొంతు వచ్చింది. గట్టిగా అనలేదు.

"అందరూ దిగినారన్నా. ఆయప్ప గూడా దిగినాడు. నొక్కు."

నొక్కాను.